పూల పేర్లు రాసుకోండి, అవి మన సాక్ష్యం

(తాడ్వాయి అడవిలో పూల నడకకు బయలుదేరే ముందు ఆదివాసీ యువతతో పంచుకున్న మాటలు)



పొద్దుగాల్నే ఇంతమంది వచ్చిండ్రు, సంతోషం. ఎండ ముదరకముందే నడక మొదలుపెడదాం. అంతకుముందు రెండు మాటలు.

మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది. ఆకు రాలిన కొమ్మల మీద మోదుగు మండుతున్నట్టు పూసింది. ఆ పూలు ఉడకబెడితే హోలీ రంగు, ఆకులు కుడితే విస్తరి. ఎర్ర పూలు నేల మీద పడి ఉంటే తల ఎత్తి చూడండి, అది బూరుగు. తేనె కోసం వచ్చిన పిట్టల గోల వినబడతది. కొండగోగు కూడా ఆకు లేకుండనే పసుపు పూలు పూస్తది. రేల కోసం ఇప్పుడు వెతకకండి, దాని పూత ఎండలు ముదిరినంక.

ఇప్ప ఇప్పుడిప్పుడే మొగ్గ కడుతున్నది. రాత్రి విచ్చిన పువ్వు తెల్లారేసరికి రాలుతది. అందుకే మన అమ్మలు చీకట్లనే గంప పట్టుకొని పోతరు. ఏ చెట్టు పువ్వు తియ్యగుంటది, ఏది ఏ ఏడు విరగబూస్తది, ఏ చెట్టు కింద ఏ ఇంటోళ్లు ఏరుకుంటరు, అన్నీ వాళ్లకు ఎరుకే. మనకో? హాస్టల్ల చదువుకుంట నేను మా అమ్మమ్మ చెప్పిన పేర్లు సగం మర్చిపోయిన. ఒకసారి ఆమె ఏరిన పువ్వును దారిల ఆపి గుంజుకున్నరు. పక్కనే ఉండి కూడా నాకు మాట రాలే. చట్టం తెల్వదు, చెట్టూ సరిగ్గ తెల్వదు.

2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(సి) చదవండి. మనం తరతరాలుగా సేకరిస్తున్న చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనదే. ఏరుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద చేసిన నియమాలల్ల 13వది మనకు ఇంకా పనికొస్తది. పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది సాక్ష్యం. దుంపలు, పండ్లు, ఇతర అటవీ ఉత్పత్తులు తెచ్చుకునే జాగలు సామూహిక హక్కుకు సాక్ష్యం. గ్రామసభ ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూడాలె. అంటే అవ్వ మాటతో పాటు అవ్వ చూపించిన జాగ కూడా కావాలె.

ఇంకో మాట, మనకు చేదుగనే ఉంటది. పువ్వు బాగ కనబడాలని కొందరు చెట్టు కింద ఆకులకు అగ్గి పెడుతున్నరు. ఆ మంట అక్కడనే ఆగదు. మొలకలు కాలిపోతే మన పిల్లలకు ఇప్పచెట్టు ఎక్కడిది? ఊడ్చి ఏరుదాం, లేకుంటే పాత చీర పరుద్దాం. అడవిని, జీవాలను కాపాడే అధికారం గ్రామసభకు అదే చట్టం సెక్షన్ 5లో ఇచ్చింది. హక్కు అడిగేటోళ్లం కాపలా కూడా కాయాలె.

ఇయ్యాల ముందు నడిచేది మన ఊరి అవ్వలు. మనం వాళ్ల వెనుక నడుద్దాం. ప్రతి చెట్టు కాడ మూడు సంగతులు రాయండి: మన భాషల దాని పేరు, దాని పువ్వో ఆకో ఎవరు తెచ్చుకుంటరు, ఆ జాగకు గుర్తు ఏంది. ఫోన్ల ఫొటో తియ్యండి, కానీ ఫొటో కోసం కొమ్మ విరవకండి. సాయంత్రం కూసొని అన్నీ ఒక్క నోట్‌బుక్కుల ఎక్కిద్దాం. అవ్వలకు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకొని, సామూహిక హక్కుల దరఖాస్తుకు జతచేసి అటవీ హక్కుల కమిటీకి ఇద్దాం.

నీళ్ల సీసాలు తీసుకున్నరా? పదండి, అవ్వలు అప్పుడే వాగు దాటుతున్నరు.