బిడ్డ తేరుకున్నా మందు మానవద్దు



బిడ్డకు రక్త క్యాన్సర్ అనగానే "ఇక ఆశ లేదు" అనుకునేవారు మన సైదాబాద్‌లోనూ ఉంటారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అటువంటి బిడ్డలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందు ఇస్తే రోగం ఇంకా ముదిరింది. క్యాన్సర్ కణాలకు అదే ఆహారమని గ్రహించి, 1947లో దానికి అడ్డుపడే అమినోప్టెరిన్ వాడారు. ఆ మందు తయారుచేసి పంపినది ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే! 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కాని కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది.

అందుకే ఇప్పుడు పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు పలు మందులు కలిపి రెండు మూడేళ్ళు ఇస్తారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాటిలో ఒకటి. పూర్తిగా వాడిన పిల్లల్లో చాలామంది బాగై బడికి వెళుతున్నారు.

మొదటి నెల గడిచేసరికి బిడ్డ అన్నం తింటుంది, ఆడుకుంటుంది. "ఇక చాలు, ఊరికి పోదాం" అనిపిస్తుంది. రక్త పరీక్షలో కనబడకున్నా ఎముక మజ్జలో కణాలు దాగి ఉండవచ్చు తల్లీ! డబ్బుకు, బస్సు చార్జీలకు ఇబ్బందైతే మానకముందే డాక్టరుగారితో చెప్పండి. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ గురించి కూడా అక్కడే అడగండి.