గెలుపూ, చదువూ

అమెరికాలో ఫుట్‌బాల్ అనగా బంతిని చేతబట్టి పరుగిడు ఆట. అక్కడి విశ్వవిద్యాలయముల ప్రతిష్ఠ, ధనము రెండును దానితో ముడివడి యున్నవి. శిక్షకుని మార్చవలసి వచ్చినపుడు గెలుపునకెంత, చదువునకెంత విలువ కట్టవలెనను ప్రశ్న తప్పక తలయెత్తును.

ఇండియానా రాష్ట్రమందలి నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమును చూతము. 2002లో టైరోన్ విల్లింగ్‌హామ్ శిక్షకుడైన తొలియేట జట్టు 10 ఆటలు గెలిచెను. తరువాతి రెండేండ్లును ఆశాభంగమే. ఆరేండ్ల ఒడంబడికలో మూడేండ్లు గడచినంతనే, 2004 నవంబరులో ఆయనను తొలగించిరి. ఆటగాండ్ర చదువును, నడవడిని ఆయన తీర్చిన తీరును మెచ్చుకొనుచునే, శనివారపు ఆటలలో పురోగతి చాలలేదనిరి. ఆ నిర్ణయమునకు సిగ్గుపడితినని నాటి విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఎడ్వర్డ్ మల్లాయ్ బహిరంగముగనే పలికెను.

కొన్నేండ్లకు, మరియొక శిక్షకుని కాలమున, అదే జట్టు 2012, 2013 సంవత్సరములలో 21 ఆటలు గెలిచెను. కొందరు ఆటగాండ్రు చదువులో అక్రమములకు పాల్పడిరని తేలగా, జాతీయ కళాశాలల క్రీడాసంఘము 2016లో ఆ విజయములను రద్దుచేసెను. 2018లో అప్పీలును త్రోసివేసెను.

శిక్షకుని నియమించునాడే ఒడంబడికలో రెండు లెక్కలుండవలెనని మేము తలతుము: గెలిచిన ఆటలెన్ని, పట్టము పుచ్చుకొన్న ఆటగాండ్రెందరు? తొలగించునాడును ఆ రెండింటినే చూడవలెను. ఓడిన జట్టు మరుసటి యేట గెలువవచ్చును. చదువు లేక వెడలిన విద్యార్థికి ఆ యేండ్లు తిరిగి రావు.