పోస్ట్‌గ్రెస్ సర్వర్: ఏర్పాటు, అమరిక, భద్రత

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మూలాలు 1986లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధనలో ఉన్నాయి. ఇవాళ ఉబుంటు, డెబియన్ సర్వర్లలో దాన్ని ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేయవచ్చు. డేటా డైరెక్టరీని కూడా ప్యాకేజీయే తయారుచేస్తుంది. రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లలో ఆ పని అడ్మినిస్ట్రేటర్ విడిగా చేయాలి. ఎవరు చేసినా, డీఫాల్ట్ ఎన్‌కోడింగ్, అక్షరక్రమం, డేటా చెక్‌సమ్‌లు ఖాయమయ్యేది అక్కడే. డేటా నిండాక వీటిని మార్చాలంటే సర్వీసు ఆపాలి, ఒక్కోసారి డేటా మొత్తాన్ని దింపి మళ్లీ ఎక్కించాలి. డిస్కు పాడై పేజీ చెడితే చెప్పే చెక్‌సమ్ 18వ వెర్షన్ నుంచే డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటోంది. పాత వెర్షన్లలో అడిగి పెట్టించుకోవాలి.

తెలుగు డేటాకు యూటీఎఫ్-8 తప్పనిసరి. శ్రీలక్ష్మీప్రసన్న అనే పేరు పలికేవాళ్లకు ఆరు అక్షరాలు. డేటాబేస్ మాత్రం హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికది లెక్కపెట్టి 18 క్యారెక్టర్లంటుంది. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 54 బైట్లు. ఇంగ్లీషు పేర్లను చూసి కాలమ్‌కు 15 క్యారెక్టర్ల హద్దు పెడితే ఈ పేరు ఎర్రర్‌తో వెనక్కి వస్తుంది. అక్షరక్రమం ఇంకా సున్నితమైనది. పోస్ట్‌గ్రెస్ దాన్ని సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ సీ లైబ్రరీ నుంచే తీసుకుంటుంది. 2018లో లినక్స్ సీ లైబ్రరీ 2.28 వెర్షన్ ఈ క్రమాన్ని మార్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేసి టెక్స్ట్ ఇండెక్సులను తిరిగి కట్టనిచోట, టేబుల్లో ఉన్న వరుస కూడా వెతికితే దొరకని పరిస్థితి వస్తుంది.

మెమరీ అమరికలో, డేటా పేజీలను ఉంచుకునే షేర్డ్ బఫర్స్ డీఫాల్ట్ 128 ఎంబీ. డేటాబేస్ కోసమే కేటాయించిన సర్వర్‌లో ర్యామ్‌లో పావు వంతుతో మొదలుపెట్టడం మంచిది. వర్క్ మెమ్ దగ్గర జాగ్రత్త అవసరం. అది ఒక్కో కనెక్షన్‌కు కాదు, క్వెరీలోని ఒక్కో సార్టింగ్‌కు వర్తించే పరిమితి. 16 జీబీ సర్వర్‌లో దాన్ని 256 ఎంబీకి పెంచితే, వంద కనెక్షన్లు తలా ఒక్క పెద్ద సార్టింగ్ చేసినా 25 జీబీ కావాలి.

భద్రతలో మొదటి ప్రశ్న, సర్వర్ ఎవరి కనెక్షన్లను వినాలన్నది. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్‌గా సొంత మెషీన్ నుంచి వచ్చే కనెక్షన్లనే 5432 పోర్టులో వింటుంది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేలాది మోంగోడీబీ డేటాబేస్‌లను దుండగులు తుడిచేసి డబ్బు అడిగారు. అందుకే బయటికి తెరవాల్సి వస్తే ఫైర్‌వాల్‌లో అప్లికేషన్ సర్వర్ చిరునామాకే దారి ఇవ్వాలి. తర్వాతిది, ఎవరిని ఏ పద్ధతిలో లోపలికి రానివ్వాలో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలు. సర్వర్ దాన్ని పైనుంచి కిందికి చదివి, సరిపోలిన మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది. పైన ఒక్క ‘ట్రస్ట్’ లైను మరిచిపోతే, దానికి సరిపోలినవాళ్లంతా పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వచ్చేస్తారు. కింది కట్టుదిట్టమైన లైన్లు వాళ్లను ఆపలేవు. పాస్‌వర్డ్‌లకు 10వ వెర్షన్‌లో వచ్చిన స్క్రామ్ పద్ధతి 14 నుంచి డీఫాల్ట్ అయింది. కానీ పాత ఎండీ5 పాస్‌వర్డ్‌లు తిరిగి సెట్ చేసేదాకా అలాగే ఉంటాయి. అప్లికేషన్‌కు సూపర్‌యూజర్ అధికారం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. ఆ ఖాతా చేజారితే సర్వర్‌లోని ప్రోగ్రాములనూ దాని ద్వారా నడపవచ్చు.

బ్యాకప్ కూడా భద్రతలో భాగమే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు పొరపాటున తమ ప్రధాన పోస్ట్‌గ్రెస్ సర్వర్ డేటా డైరెక్టరీని తొలగించారు. రోజువారీ బ్యాకప్ డంప్ కోసం చూస్తే ఏమీ లేదు: డంప్ ప్రోగ్రాము 9.2, సర్వర్ 9.6 కావడంతో అది విఫలమవుతూ వచ్చింది, హెచ్చరిక మెయిళ్లూ చేరలేదు. వేరే పనికి ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఆదుకుంది; మధ్యలో చేరిన డేటా పోయింది. కాబట్టి బ్యాకప్‌ను క్రమం తప్పకుండా వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడాలి. పూర్తి నకలుతో పాటు, ప్రతి మార్పునూ నమోదుచేసే వాల్ ఫైళ్లనూ భద్రపరిస్తే, మధ్యాహ్నం 2:14కు టేబుల్ పొరపాటున పోయినా 2:13 నాటి స్థితిని తిరిగి తేవచ్చు. 17వ వెర్షన్ నుంచి, పూర్తి నకలు తర్వాత మారిన భాగాలను మాత్రమే తీసుకునే సౌకర్యం కూడా ఉంది.