మెట్టె జరిపి చూడండి



కాలికి మెట్టెలు, చేతికి ఉంగరం. పెళ్లిలో తొడిగినవి ఏళ్ల తరబడి వేళ్లకే ఉంటాయి. పైన మెరుపు అందరూ చూస్తారు. కింద ఏముందో ఎవరూ చూడరు.

నాట్ల కాలంలో ఆడవాళ్లు పొద్దున మడిలో దిగితే సాయంత్రం దాకా కాళ్లు బురదలోనే. ఇంటికొచ్చి గబగబా కాళ్లు కడుగుతారు. వంటపనిలో పడతారు. మెట్టె కింద తడి అలాగే ఉంటుంది. కొద్ది రోజులకు వేళ్ల సందున చర్మం తెల్లగా నానుతుంది. దురద పుడుతుంది. వాసన వస్తుంది. నలుగురిలో కూర్చోవాలంటే సిగ్గేస్తుంది.

ఈ వాసన ఎక్కడిది? చెమటకు అంత వాసన ఉండదు. కంటికి కనిపించని క్రిములు అందరి ఒంటి మీదా ఉంటాయి. మెట్టె కింద చెమట, మురికి, సబ్బు చేరతాయి. గాలి ఆడదు. ఆ తడిలో క్రిములు పెరుగుతాయి. చెమటను, చచ్చిన చర్మాన్ని కుళ్లబెడతాయి. అదే ఆ వాసన. బూజు జాతి క్రిములు చేరితే చర్మం పగిలి పుండు పడుతుంది.

ఉంగరం సంగతీ అంతే. పేడ ఎత్తినా, పిల్లలకు కడిగినా కొంత మురికి దాని కింద మిగులుతుంది. అదే చేత్తో అన్నం కలుపుతారు. రోగులకు సేవ చేసేటప్పుడు ఉంగరాలు వద్దని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పింది.

"మెట్టెలు తీస్తే మొగుడికి కీడు" అంటారు పెద్దలు. తీసి పారేయనక్కర లేదు. స్నానం చేసేటప్పుడు వేలి కొన వైపు జరపండి. కింద సబ్బుతో రుద్ది కడగండి. పొడిగుడ్డతో వేళ్ల సందులు తుడవండి. బాగా ఆరాక మెట్టెను వెనక్కి జరపండి. ఉంగరం తీసి చేతులు కడగండి.

కొన్ని గిల్టు ఉంగరాల్లో నికెల్ అనే లోహం ఉంటుంది. అది కొందరికి పడదు. దద్దురు వస్తుంది. అలాంటి ఉంగరం మానేయాలి.

షుగరు జబ్బు ఉన్నవాళ్లకు మరీ జాగ్రత్త కావాలి. కాళ్లకు స్పర్శ తగ్గితే పుండు పడినా నొప్పి తెలియదు. ముదిరితే వేలే తీసేయాల్సి రావచ్చు. అందుకే రోజూ పాదాలు చూసుకోవాలి. పుండు కనిపిస్తే సున్నం, పేడ పూయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

వేలు వాస్తే వెంటనే మెట్టె తీసేయాలి. రాకపోతే ఆస్పత్రిలో కత్తిరిస్తారు. భయం వద్దు. మెట్టె మళ్లీ చేయించుకోవచ్చు. వేలు చేయించుకోలేం కదా!

ఈరోజే కాళ్లు కడిగేటప్పుడు మెట్టె జరిపి చూడండి. పక్కింటి అక్కకూ చెప్పండి.