మగవాడి మౌనం, మన గాజులు

(శంషాబాద్‌లో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను ఎత్తుకున్న విషయం మీలో కొందరికి ఇబ్బంది కలిగించవచ్చు. చెప్పడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది. శంషాబాద్ అనగానే దేశమంతటికీ గుర్తొచ్చేది 2019 నవంబర్ 27 రాత్రి, తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం. అలాంటి చోట నిలబడి, ఇళ్లలో మగవాళ్ల మీద జరిగే హింస గురించి మాట్లాడడమేమిటని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతికే ప్రయత్నమే ఈ ప్రసంగం.

విమానాశ్రయం చుట్టూ బతికే కార్మికుల కుటుంబ జీవితం మీద పనిచేస్తున్నప్పుడు ఒక క్యాబ్ డ్రైవరు పరిచయమయ్యాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లకుండా పార్కింగ్‌లో కారులోనే పడుకునేవాడు. "మస్తు కష్టపడుతడు" అని తోటివాళ్లు మెచ్చుకునేవారు. ఒకరోజు అతని ముంజేతి మీద కాలిన మచ్చ చూసి ఏమయిందని అడిగాను. "చాయ్ ఒలికింది అక్కా" అన్నాడు. మరోసారి కంటి కింద కమిలి ఉంది. "బాత్రూంల జారిపడ్డ" అన్నాడు.

ఈ మాటలు మనకు కొత్తవా? మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే స్త్రీలు మొదటిరోజు చెప్పే మాటలు ఇవే కదా! ఒక స్త్రీ చెబితే దాని వెనక ఏముందో మనకు క్షణంలో అర్థమవుతుంది. అతను చెప్పినప్పుడు మాత్రం నేను నోటుబుక్కులో "చిన్న ప్రమాదాలు" అని రాసుకున్నాను. చాలా రోజుల తర్వాత తనే నోరు విప్పాడు. భార్యకు కోపమొస్తే చేతికందింది విసురుతుంది, పిల్లల ముందే కొడుతుంది, పడుకున్నాక తలుపు తట్టి బయటికి పొమ్మంటుంది. "తిరిగి చెయ్యెత్తితే తప్పు. ఎత్తకుంటే నువ్వు మొగోనివేనా అంటరు. ఎటు పోవాలె అక్కా?" అన్నాడు.

ఈ సంగతి నేను తర్వాత ఒక సమావేశంలో చెబితే, వింటున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఏళ్ల తరబడి హింసకు గురైన స్త్రీల పక్కన నిలబడినవాళ్లు. దాచడమెందుకు, మొదట విన్నప్పుడు నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆ నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందన్నదే మనం ఆలోచించాల్సిన విషయం.

అప్పడాల కర్ర పట్టుకున్న భార్య, మంచం కింద దాక్కున్న మొగుడు. వారపత్రికల్లో ఈ కార్టూన్ చూస్తూ పెరిగాం. పెళ్లాం చేత దెబ్బలు తిన్న మగవాడు మన సినిమాల్లో హాస్యగాడే తప్ప బాధితుడు కాడు. ఊళ్లో అతనికి దొరికే సలహా ఒక్కటే: "గాజులు తొడుక్కో." ఈ తిట్టు ఎలా పనిచేస్తుందో చూడండి. గాజులు వేసుకోవడం అవమానం కావాలంటే, వేసుకునే మనిషి తక్కువదై ఉండాలి. దెబ్బలు తినడం ఆడదాని వంతు, ఆ వంతు నీకొచ్చిందంటే నువ్వు ఆడదానివైపోయావు అని దాని అర్థం. అతని నోరు మూయించిన అవమానం మన మీద ఉన్న చులకనతోనే తయారైంది.

ఇక్కడ మన వంతు కూడా ఒప్పుకోవాలి. పని చేయని అధికారి బల్ల మీద గాజులు, చీర పెట్టి నిరసన తెలిపిన మహిళా సంఘాలు ఎన్ని లేవు! పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, చప్పట్లు కొట్టాం. మనల్ని తక్కువ చేసే తిట్టునే మన ఆయుధంగా వాడుకున్నాం.

రెండో మనిషి డెబ్బై దాటిన రైతు. 2008 మార్చిలో మొదలైన ఈ విమానాశ్రయం కోసం సుమారు ఐదున్నర వేల ఎకరాలు సేకరించారు. మిగిలిన భూమి ధర ఎలా పెరిగిందో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పెద్దాయనకు మిగిలింది అరెకరం. దాన్ని తన పేర రాయమని కొడుకు కొడతాడు, అన్నం పెట్టనివ్వడు. "ఊర్ల పది పంచాయితీలు తెంపినోణ్ని బిడ్డా. కన్నకొడుకే కొట్టిండని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?" అన్నాడు. అదే ఇంట్లో ఆయన భార్య కూడా తన్నులు తింటోంది. ఆవిడ పొరుగింటామెతో చెప్పుకుని ఏడవగలిగింది. ఆయనకు ఆ పాటి ఆసరా కూడా లేదు.

గమనించండి, ఇక్కడ కొట్టేవాడు మగవాడే. మగ బాధితుడు అనగానే మనం కొట్టే భార్యను ఊహించుకుంటాం. కానీ ముసలి తండ్రిని కొట్టే కొడుకులున్నారు. నడక ఆడపిల్లలా ఉందని కొడుకును బెల్టుతో కొట్టే తండ్రులున్నారు. ఇంట్లో ఎవరి దగ్గర అధికారం, ఆస్తి, బలం ఉంటే వాళ్లు కొడతారు. ఇది మనం మొదటినుంచీ చెబుతున్న మాటే.

ఇక లెక్కలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో 36.9 శాతం భర్త చేతిలో హింస అనుభవించారు. భర్త కొట్టకపోయినా తాము భర్తను కొట్టామని చెప్పిన స్త్రీలు దేశంలో 4 శాతం దాకా ఉన్నారు. రెండూ సమానమని ఎవరన్నా అంటే అది అబద్ధం. కానీ ఒక సంగతి ఉంది. భార్యను కొట్టడం సబబేనా అని ఆ సర్వే మగవాళ్లను అడుగుతుంది, నిన్ను ఇంట్లో ఎవరైనా కొట్టారా అని మాత్రం అడగదు. అడగని బాధకు లెక్క ఉండదు. ఒకప్పుడు స్త్రీల విషయంలో జరిగిందీ ఇదే.

మన భయం నాకు తెలుసు. ఈ మాట ఎత్తితే, స్త్రీల చట్టాలు ఎత్తేయమనేవాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టవుతుందేమో! వాళ్లు చూపే అంకెలు చూద్దాం. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు, వారిలో దాదాపు 72 శాతం పురుషులు. ఇదంతా భార్యల వల్లేనని ప్రచారం. అదే నివేదికలో పెళ్లికి సంబంధించిన కారణాలు 4.8 శాతమే. "కుటుంబ సమస్యలు" వేరుగా 31.7 శాతం. ఆ రెండు మాటల కింద అప్పులున్నాయో, అవమానాలున్నాయో, దెబ్బలున్నాయో ఎవరూ విప్పి చూడలేదు. మనం మౌనంగా ఉంటే ఆ ఖాళీని ద్వేషంతో నింపేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. బాధలో ఉన్న మగవాడికి వాళ్లే మొదటి దిక్కవుతారు.

2005 గృహహింస చట్టం స్త్రీల కోసం వచ్చింది, అలాగే ఉండాలి. భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా మారిన పాత 498ఏ కూడా అంతే. మగ బాధితుడికి దారి చూపడానికి వీటిలో ఒక్క అక్షరం తీసేయనక్కర్లేదు. ఎవరు ఎవర్ని కొట్టి గాయపరిచినా అదే సంహిత 115వ సెక్షన్ కింద నేరమే. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం కారణంగా విడాకులు అడిగే హక్కు ఇద్దరికీ ఉంది. మగపిల్లల మీద లైంగిక హింసకు 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. దానివల్ల ఆడపిల్లల రక్షణ తగ్గలేదు. పెద్దవాళ్లకు 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. పోషణ కోసం ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. చూసుకుంటానని ఆస్తి రాయించుకుని వదిలేస్తే, 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు కోరవచ్చు. షరతు దస్తావేజులోనే ఉండాలని సుప్రీంకోర్టు 2022లో అంది, 2025లో ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలని చెప్పింది. అందుకే గిఫ్ట్ డీడ్ రాసేవాళ్లకు పోషణ షరతు అందులోనే రాయించుకోమని ముందే చెప్పండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు గోడ మీద రాయండి.

మన కేంద్రాలు స్త్రీల కోసం కట్టుకున్నవి. వాటిని పంచమని నేను అడగడం లేదు, అక్కడికొచ్చే స్త్రీ భద్రతే మనకు ముఖ్యం. నేను అడిగేవి చిన్న పనులు. గుమ్మంలోకి వచ్చిన మగవాణ్ణి నవ్వి పంపొద్దు. పూర్తిగా వినండి, ఎవరి చేతిలో అధికారముందో చూడండి. భార్యను కొట్టేవాడు కూడా బాధితుడినని చెప్పుకుంటూ రావచ్చు. ఎవరికి ఎవరంటే భయమో కనిపెట్టడం మనకు తెలిసిన విద్యే. నిజమైతే సరైన చోటికి చేర్చండి. ఇంటి సర్వేకి వెళ్లినప్పుడు ముసలాయన్నీ విడిగా కూర్చోబెట్టి, "అన్నం సరిగ్గా పెడుతున్నారా? ఎవరన్నా చెయ్యి చేసుకుంటున్నారా?" అని అడగండి. ఇకమీదట మన నిరసనల్లో గాజులు వద్దు.

ఆ డ్రైవరు ఇప్పుడేం చేస్తున్నాడో నాకు తెలియదు. ఫోను నంబరు మార్చేశాడు. మొదటిసారి చాయ్ ఒలికిందన్నప్పుడే నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. ఆ ప్రశ్న నాకు స్త్రీల ఉద్యమమే నేర్పింది. అతన్ని అడగాలని మాత్రం తోచలేదు. మీకు తోచాలని ఇదంతా చెప్పాను.