ట్రాన్స్‌ఫార్మర్ పోయేముందు ఏం చెప్తుంది?

మా గద్వాల దగ్గర్లోనే జూరాల. అక్కడ 39 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. అట్లాంటి చోట పుట్టిన కరెంట్ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ దాటాకే లైనెక్కుతుంది. మరి ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోయేముందు మనకేమైనా చెప్తుందా?

చాలాసార్లు చెప్తుంది. లోపల రాగి చుట్టల మీద కాగితం, చుట్టూ నూనె. అదే ఇన్సులేషన్. అందులో చిన్న గాలి బుడగ ఉండిపోయిందనుకోండి. గాలి మిల్లీమీటరుకి సుమారు 3 కిలోవోల్టులే తట్టుకుంటుంది. నూనె, కాగితం అంతకన్నా గట్టివి. అందుకే బుడగలో మాత్రమే స్పార్క్ వస్తుంది. ఇదే పార్షియల్ డిశ్చార్జ్. ఆ రోజు లైట్ ఆరదు, ఫ్యూజ్ పోదు. కానీ చెద పట్టిన వాసం లెక్క లోపల్లోపలే గుల్లవుతుంది.

ఒక్కో స్పార్క్ నానోసెకన్ల పని. కరెంట్ అంత వేగంగా మారితే రేడియో తరంగాలు పుడతాయి, గిగాహెర్ట్జ్ దాకా. మీ ఫోన్ సిగ్నల్ ఉండేదీ ఆ దరిదాపుల్లోనే! కానీ ఇనుప ట్యాంకు వాటిని బయటికి పోనివ్వదు. నూనె వాల్వ్‌లోంచి యాంటెన్నా లోపలికి పెట్టి వినాలి. ఎక్కడ పెడితే వినిపిస్తుంది? ట్యాంకు విప్పకుండా తెలుసుకోవాలంటే సిమ్యులేషన్ చెయ్యాలి.

1966లో కేన్ యీ అనే ఆయన ఒక పద్ధతి ఇచ్చాడు. ట్యాంకునంతా చిన్న గళ్లుగా కొయ్యాలి. ప్రతి గడిలో ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని పక్కనున్న మాగ్నెటిక్ ఫీల్డ్ నుంచి, దాన్ని మళ్లీ దీన్నుంచి లెక్కకట్టాలి. మా భాషలో ఒక ఫర్ లూప్, అంతే! గడి సెంటీమీటరైతే ఒక్కో అడుగు 19 పికోసెకన్లు దాటకూడదు. దాటితే లెక్క పేలిపోతుంది.

నేను మొదట ఖాళీ ట్యాంకుతో నడిపా. సిగ్నల్ బ్రహ్మాండం! తర్వాత రాగి చుట్టలు, ఇనుప కోర్ పెట్టా. అదే యాంటెన్నాకి అదే స్పార్క్ లేటుగా, నీరసంగా వచ్చింది. అడ్డం తిరిగి రావాలి కదా. నూనెలో తరంగం నానోసెకనుకి సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది. అంటే 2 నానోసెకన్లు లేటైతే స్పార్క్ చోటు 40 సెంటీమీటర్లు తప్పు చూపిస్తుంది. ఇంకా బలహీనమైతే అసలు వినపడదు. మనమేమో "అంతా బాగుంది" అని రాసుకుంటాం.

జూరాల నుంచి కృష్ణ వెంట దిగువకి పోతే శ్రీశైలం. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలొచ్చి 9 మంది పోయారు. దానికి కారణం ఇదే అని నేను అనట్లేదు. మిషన్ పక్కన మనుషులుంటారు, అది గుర్తుంచుకోండి అంటున్నా.

సెన్సర్ చప్పుడు చెయ్యలేదంటే లోపం లేదని కాదు. అది సరైన చోట ఉందా అని ముందు అడగండి. మళ్లీ కలుద్దాం!