ఖాళీ తొట్లలో ఏ చేపను పెంచవలెను?

(నూజివీడు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మీ గ్రామములలో నీరు నిలిచి, పెక్కు మాసములు పనిలేక పడియుండు తొట్లు ఎన్ని కలవో ఎన్నడైన లెక్కించితిరా? మామిడి తోటలలో బోరు నీరు పట్టి యుంచుకొను సిమెంటు తొట్లున్నవి. పశువుల నీళ్ళ తొట్లున్నవి. మోట పోయి మూలబడిన బావులున్నవి. కాయకోత ముగిసి తొలకరి వానలు పడగానే వీటిలో మొదట చేరునది దోమ. గ్రుడ్డు పెట్టిన వారము పదిదినములలో ఆ నీటినుండి క్రొత్త దోమలు రెక్కలతో లేచును. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగునని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొనెను. ఇప్పుడు డెంగ్యూ జ్వరమును తోడైనది. ఆ దోమ మురుగుకంటె ఇంటి చెంత తొట్టిలోని మంచినీటినే కోరును.

దోమ పిల్లపురుగులను తిను చేపలను ఈ తొట్లలో పెంచుట మంచి ఉపాయమే. అయితే ఏ చేప?

పట్నపు అంగడిలో గాజుతొట్టి ముందు నిలిచినచో మన కన్ను తెలియకయే పెద్ద తోక మీదికి, మెరయు రంగు మీదికి పోవును. అచ్చటనే పొరబాటు మొదలగును. బంగారు చేప దోమ పురుగులను తినును గాని, పెరిగి పెద్దదై చిన్న తొట్టిలోని నీటిని చెరచును. ఫైటర్ చేపలలో రెండు మగవానిని ఒకచో నుంచినచో చచ్చుదనుక పోరాడును. గాజు మీది పాచిని తినునని కొని తెచ్చుకొను దక్షిణ అమెరికా చేప యింకొకటి కలదు. ఒంటినిండ పెంకులు, గట్టి ముళ్ళు. పెంపకపు తొట్లనుండి వెలుపలికి వచ్చిన ఆ చేప నేడు కృష్ణా నదిలో పెరిగి జాలరుల వలలను చించుచున్నది. దానికి దెయ్యపు చేప యని పేరు. కొనువాడు లేడు, తినువాడు లేడు. ఒక తొట్టి చేప నదికి చేరినచో ఏమగునో తెలియుటకు మనకింతకంటె దగ్గరి సాక్ష్యము అక్కరలేదు.

ఇక ఆరోగ్యశాఖలు చిరకాలముగా వాడుచు వచ్చినది గంబూసియా. అమెరికా ఖండపు ఈ చిన్న చేపను 1928లో ఇటలీనుండి మన దేశమునకు తెచ్చిరి. పెద్ద చేప యొకటి దినమునకు 100 నుండి 300 వరకు పిల్లపురుగులను తినగలదని లెక్క. ఈ లెక్క విని మురియని వారుండరు. కాని దాని ఆకలి దోమతో ఆగదు. ఇతర చేపల గ్రుడ్లను, సన్నపిల్లలను, కప్ప పిల్లలను తినును. తనకంటె పెద్ద చేపల రెక్కలను కొరుకును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లోనే దీనిని సిఫారసు చేయుట మానినది. మన రాష్ట్రమున ఇటీవలి సంవత్సరములలోను దీనిని చెరువులలో విడిచిరి. ప్రభుత్వ వేదికపై ఈ మాట అనుట కొందరికి వింతగా తోచవచ్చును; అయినను అనక తప్పదు.

మీ చెరువు మాట ఆలోచింపుడు. చేపల పాట వలన పంచాయతీకి రాబడి కలదు. పాటదారు వదలు బొచ్చె, శీలావతి పిల్లలు వ్రేలెడు పొడవున్నచో వానికి భయము తక్కువ. సన్నపిల్లలైనచో భయమే. అంతకు మించి, ఎవరి పెట్టుబడియు లేక తమంతట తామే పెరుగు పరిగెలు, మట్టగిడసలు, కొరమేనులు కలవు. కూలివాడు సాయంకాలము గాలము వేసి కూరకు తెచ్చుకొనునవి అవియే. వాని గ్రుడ్లు పోయినచో పాట లెక్కలో ఆ నష్టము కనబడదు.

కనుక తొట్లకు నా ఎన్నిక గప్పీ. ఇది దక్షిణ అమెరికా ఉత్తర తీరమునకును, ట్రినిడాడు ద్వీపమునకును చెందినది. దినమునకు 80 నుండి 100 పురుగులను మించి తినదు. గంబూసియాతో పోల్చిన తక్కువయే. ఐనను ఇరుకు తొట్టిలో, కొంచెము మలినమైన నీటిలో సయితము బ్రతుకును. ఇది గ్రుడ్లు పెట్టక, సుమారు నెలకొక మారు పిల్లలనే కనును. అంగడిలో పెద్ద తోకల జాతిని కొనకుడు. అవి మెల్లగా ఈదును, సుకుమారమైనవి. చిన్న తోక గల నాటు గప్పీయే మనకు తగినది.

గప్పీయు పరదేశి చేపయే. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గంబూసియాతోపాటు దీనిని గూడ దురాక్రమణ జాతులలో చేర్చినది. కావున కాలువతోగాని, చెరువుతోగాని సంబంధము లేని తొట్టిలోనే ఉంచవలెను. వానకు పొర్లి బోదెలో పడు తొట్టి పనికిరాదు. చెరువులో దోమ బాధ యున్నచో గట్టు వెంబడి కలుపు తీసి, స్వదేశపు పరిగెలనే పెరుగనిండు.

పెంచు విధానము కష్టమైనది కాదు. క్రొత్త సిమెంటు తొట్టి యైనచో రెండు మూడు వారములు నీరు నింపి పారబోయుచు సున్నపు ఘాటు పోగొట్టవలెను. బ్లీచింగ్ పొడి కలిసిన కుళాయి నీటిని రెండు దినములు ఎండలో నిలువ యుంచిన పిమ్మటనే చేపలను వదలవలెను. తల్లి చేప తన పిల్లలనే తినును గనుక తొట్టిలో కొంత నాచు ఉండనిండు. పిల్లలు అందులో దాగును. రోహిణి కార్తె ఎండలకు లోతులేని తొట్టి కాగిపోవును. పైన తాటాకు పందిరి వేయింపుడు. రాలిన మామిడాకులు నీటిలో క్రుళ్ళక ముందే తీయింపుడు. పది పదునైదు చేపలతో మొదలిడినను కొలది నెలలలో ఇతర తొట్లకు పంచునన్ని యగును. తొట్టి అంచు కొలతలో మీటరునకు 5 నుండి 10 చేపలు చాలును. పట్టుటకు దోమతెర గుడ్డ చాలును.

పురుగుమందు కలిపిన తొట్టిలో, ఎంత కడిగినను, చేపను వేయకుడు. పూతకు మందు కొట్టు దినములలో, అనగా మార్గశిర పుష్య మాసములలో, తోట తొట్ల పక్కనే డ్రమ్ములు పెట్టి మందు కలుపుదురు. ఒక్క చెంబుడు తిరిగి తొట్టిలో పడినచో అన్నియు చచ్చును. ఆ కాలమునకు ముందే కొన్ని చేపలను బడి ఆవరణలోని తొట్టికో, పశువుల తొట్టికో మార్చి యుంచుకొనుడు. ఏ తొట్టి ఎవరి పూచీయో పంచాయతీ తీర్మానములో పేరు వ్రాయుట మరువకుడు.